పెరడంతా బండలు పరచాలా, మట్టినేలగా వదలాలా?

వేదాయపాళెం గృహిణి (ప్రశ్న):

నెల్లూరు వేదాయపాళెంలో మేము కట్టుకున్న ఇంటి వెనుక ఎనిమిది అంకణాల స్థలం మిగిలింది. మన నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు కనుక అది 576 చదరపు అడుగులవుతుంది. అందులో ఒక పాత వేపచెట్టు, కాపుకొచ్చిన నిమ్మచెట్టు, కరివేపాకు మొక్క ఉన్నాయి. వానాకాలంలో బురదలో మా అత్తగారు రెండుసార్లు జారిపడ్డారు. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి. అందుకని మావారు పెరడంతా చీమకుర్తి గ్రానైటు పరిపిద్దామంటున్నారు. అయితే ఎవరి కోసం ఈ పని తలపెట్టామో ఆ అత్తగారే మట్టి కనబడకుండా చేయవద్దని పట్టుబడుతున్నారు. ఇద్దరూ ఒకరి మీద ఒకరికున్న ప్రేమతోనే మాట్లాడుతున్నారు కాబట్టి నేను ఎవరి పక్షమూ చేరలేకపోతున్నాను. నెలాఖరులోపు మేస్త్రికి మాట చెప్పాలి. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని ప్రార్థన.

ఒంగోలు విశ్రాంత ఇంజనీరు:

అమ్మా, మీవారి మాటే సరైనదని నా అభిప్రాయం. డెబ్బై దాటిన మనిషికి తుంటి ఎముక విరిగితే తిరిగి లేచి నడవడం ఎంత కష్టమో మా ఇంట్లో చూశాను. ఆ ఒక్క కారణమే చాలు, కానీ ఇంకా ఉన్నాయి. గోడ పక్కన మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే పునాదికి చెమ్మ ఎక్కుతుంది, చెదలకు దారి దొరుకుతుంది. అందుకే ఇంటి చుట్టూ కనీసం రెండు అడుగుల వెడల్పున, బయటికి వాటం ఇచ్చి చప్టా పోయాలని మేము ఉద్యోగంలో ఉన్నంతకాలం పట్టుబట్టేవాళ్లం. ఇక మట్టి వదిలినవారిలో చాలామంది దానిమీద పచ్చిక పరుస్తారు. ఆ పచ్చిక రోహిణి కార్తెలో రోజూ నీళ్లు అడుగుతుంది. సాగర్ కాలువ నీటిని చెరువుల్లో నింపుకొని వేసవి గడిపే ఒంగోలు వంటి ఊళ్లో తాగేందుకు తెచ్చిన నీటిని గడ్డికి పోయడం నా మనసుకు ఒప్పదు.

కావలి పెరటి రైతు:

ఇంజనీరుగారు పచ్చిక గురించి చెప్పినది అక్షరాలా నిజం, నేనూ పచ్చిక వద్దనే అంటాను. చప్టా గురించి చెప్పినదానితోనూ నాకు పేచీ లేదు. అయితే పచ్చిక వద్దంటే మట్టే వద్దని అర్థం కాదు కదా.

ముందు నీటి లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మీ పెరడు సుమారు 53 చదరపు మీటర్లు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, వాయుగుండం పట్టిన రోజున మన తీరంలో పది సెంటీమీటర్ల వాన పడడం వింత కాదు. అంటే ఒక్క రోజులో 5,300 లీటర్ల నీరు మీ పెరటి మీదే పడుతుంది, మిద్దె మీది నీరు దీనికి అదనం. పెరడంతా బండలు పరచి సిమెంటుతో సందులు మూసేస్తే ఆ నీరంతా వీధి కాలువకు పోవాలి. ఆ కాలువ అప్పటికే నిండి ఉంటుంది. 2015, 2021 నవంబరు వరదలు చూసినవారికి నేను దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం వాననీటిని నేలలోకి పంపే ఏర్పాటు గురించి చెప్పింది కూడా ఇందుకే.

ఇక వేడి సంగతి. నల్లరాయి పగలంతా ఎండను తాగి, పొద్దుపోయాక వదులుతుంది. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి కూడా దానిమీద చెప్పులు లేకుండా నిలబడడం కష్టం, వంటింటి కిటికీలోంచి ఆ సెగే లోపలికి వస్తుంది. మీ వేపచెట్టు కింది మట్టినేల అదే సమయానికి చల్లబడి ఉంటుంది. అత్తగారు అడుగుతున్నది బహుశా ఆ చల్లదనాన్నే.

వేప మొదలు చుట్టూ బండలు బిగించడం గురించి మరొక మాట. చెట్టు వేళ్లకు నీటితోపాటు గాలి కూడా కావాలి. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. పెద్ద వేపకు ఆ మీటరు కూడా తక్కువేనని నేను అనుకుంటాను.

చీమకుర్తి రాతిపనివాడు:

నేను ఇరవై ఏళ్లుగా రాయి పరిచే పనిలో ఉన్నాను కాబట్టి రాయి వైపు మాట్లాడతానని మీరు అనుకోవచ్చు. నిజానికి మెరుగు పెట్టిన గ్రానైటును పెరట్లో వేయవద్దని చెప్పడానికే రాస్తున్నాను. మా ఊరి బంగారు చుక్కల నల్లరాయి ప్రపంచమంతా పోతుంది, దాని అందానికి సాటి లేదు. కానీ అద్దంలా మెరిసే రాయిపై తడి పడితే, దానికి సబ్బునీరు కూడా తోడైతే, బురదకంటే ఎక్కువగా జారుతుంది. అమ్మగారి అత్తగారిని జారకుండా చూడాలని తలపెట్టిన పని ఆమెకే ప్రమాదమవుతుంది. గ్రానైటే కావాలంటే మంటతో కాల్చి గరుకు చేసిన ముఖం ఉన్నదే అడగండి.

మార్కాపురం పలకరాయి సహజంగా పొరలు విడిపోయిన ముఖంతో వస్తుంది, పాదానికి పట్టు దొరుకుతుంది. ఒకప్పుడు పిల్లలు బడికి పట్టుకెళ్లిన పలకలు ఆ రాయివే. కడప బండలు చౌక, దృఢం, అయితే అది సున్నపురాయి జాతి. నిమ్మకాయలు రాలి చితికినచోట ఆ పులుపుకు రాయి తెల్లగా మచ్చ కడుతుంది. యాసిడ్ పోసి కడిగితే ఇక చెప్పనక్కరలేదు. నిమ్మచెట్టు కింద మాత్రం కడప రాయి వద్దు.

ఏ రాయి ఎంచుకున్నా సిమెంటు బెడ్డు పోయకుండా, నేలను దిమ్మిసతో గట్టిపరచి, కంకర మీద ఇసుక పరచి, దానిమీద రాయిని కూర్చోబెట్టమనండి. సందులను ఇసుకతో నింపితే నీరు దిగుతుంది. నీటిని అడ్డుకునేది రాయికంటే ఎక్కువగా సందులో పోసిన సిమెంటే. వాటం ఎనిమిది అడుగులకు ఒక అంగుళం ఉంటే చాలు, అది ఇంటివైపు కాకుండా చెట్టువైపు ఉండాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో మాత్రం ఈ పద్ధతి అలాగే పనికిరాదు, ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి ముందు దాన్ని కొంత లోతు తీసి గ్రావెల్ నింపాలి. మీ నేల ఏదో తవ్వి చూసి నిర్ణయించండి.

ఒంగోలు విశ్రాంత ఇంజనీరు:

మెరుగు రాయి జారుతుందన్న విషయం నేను ముందే చెప్పవలసింది, ఆ లోపాన్ని అంగీకరిస్తున్నాను. అయినా ఇంకుడు మీద పెట్టుకున్న నమ్మకం విషయంలో నాకు సందేహం ఉంది. నవంబరు రెండో వారానికి పల్లపు ప్రాంతాల్లో భూగర్భజలం పైకి వచ్చేస్తుంది, తవ్విన గుంత దానంతటదే నిండుతుంది. నానిపోయిన నేల ఇంకేమీ తాగదు. ఆ రోజున మట్టి పెరడైనా బండల పెరడైనా నీరు నిలిచేది ఒకటే. పైగా సెప్టిక్ ట్యాంకు పక్కనే ఇంకుడు గుంత తవ్వితే ఆ మురుగు ఇరుగుపొరుగు బోర్లలోకి చేరే ప్రమాదం ఉంది. చాలా ఇళ్లలో రెండూ పెరట్లోనే ఉంటాయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

కావలి పెరటి రైతు:

సెప్టిక్ ట్యాంకు హెచ్చరికకు మీకు కృతజ్ఞతలు, దాన్ని నేను మరచిపోయాను. గుంత తవ్వితే పెరటి రెండో కొసన తవ్వాలి, స్థలం చాలకపోతే మానేయాలి. కానీ మీ నవంబరు వాదనకు నా జవాబు ఇది: నేల నానిపోయేది వరుస వానల తరువాత. దానికి ముందు అక్టోబరులో పడే వానలు, వేసవి చివర పడే జల్లులు ఉన్నాయి కదా. వాటిని తాగిన నేలే ఫిబ్రవరి వరకు నిమ్మచెట్టును నిలబెడుతుంది. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలున్న వారిని అడగండి, పాదులో తేమ ఎన్నాళ్లు నిలిస్తే అంత మేలని చెబుతారు. వరదను ఆపడానికే మట్టి కావాలని నేను అనడం లేదు.

వేదాయపాళెం గృహిణి:

అందరికీ నమస్కారం. మీ సందేశాలు మావారికీ, అత్తగారికీ చదివి వినిపించాను. మెరుగు పెట్టిన గ్రానైటు ఆలోచన ఆ క్షణంలోనే ఆగిపోయింది. ఆ తరువాత మావారు ఒక పని చేశారు. ఉదయం అత్తగారు వంటింటి తలుపు నుంచి తులసికోటకు, అక్కడి నుంచి బట్టలుతికే బండకు, చివరకు వేపచెట్టు కింది మంచానికి నడుస్తుంటే వెనకే నడిచి, ఆమె అడుగు పడినచోటల్లా ముగ్గుపిండి వేశారు. రెండు రోజులు అలా చేస్తే నేల మీద ఒక వంకర దారి తేలింది. పెరట్లో ఆమె నడిచేది నాలుగో వంతు కూడా లేదు. ఆ దారికీ, ఉతికే బండ చుట్టూ కాస్త స్థలానికీ మాత్రం గరుకు రాయి, గోడ వెంబడి రెండు అడుగుల చప్టా, మిగిలినదంతా మట్టి అని నిర్ణయించుకున్నాము. మట్టిలో గడ్డికి బదులు నందివర్ధనం, కనకాంబరాలు వేయాలని అత్తగారి కోరిక.

తేలని విషయం ఒకటుంది. దారి వేప మొదలుకు రెండడుగుల దూరంలో పోతోంది. ఇంజనీరుగారు చెప్పిన భద్రత చూస్తే రాయి మంచం దాకా ఉండాలి, కావలివారి మాట చూస్తే అక్కడ ఉండకూడదు. ఏది వదులుకోవాలి?

చీమకుర్తి రాతిపనివాడు:

రెండూ వదులుకోనక్కరలేదమ్మా, మంచాన్ని నాలుగు అడుగులు ఇవతలికి జరపండి, నీడ అక్కడికీ వస్తుంది. దారి వెడల్పు మూడు అడుగులకు తగ్గనీయకండి, పెద్దావిడ చేయి పట్టుకొని పక్కన ఇంకొకరు నడవవలసిన రోజు రావచ్చు. తవ్వేటప్పుడు బొటనవేలికంటే లావైన వేరు తగిలితే దాన్ని నరకనీయకండి, అక్కడ దారినే పక్కకు తిప్పమనండి.

ఒంగోలు విశ్రాంత ఇంజనీరు:

దీనికి నాకు అభ్యంతరం లేదు. తలుపు దగ్గరి మెట్టుకు ఒక చేతిపట్టు కడ్డీ కూడా పెట్టించండి.