1099 ఫారం: టీఐఎన్ నంబర్ తీసుకోవట్లేదు, గడువు దగ్గర పడింది

పచ్చళ్ల షాపు, డాలస్:
నమస్తే అండి. సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదిన్నర. పచ్చళ్లు అమ్మే చిన్న ఎల్‌ఎల్‌సీ కంపెనీ నాది. 2025లో లేబుళ్లు డిజైన్ చేసిన అమ్మాయికి 4,200 డాలర్లు, ప్యాకింగ్‌కు వచ్చే అబ్బాయికి 1,900 ఇచ్చాను. అబ్బాయి 1099-ఎన్‌ఈసీ (కాంట్రాక్టర్‌కు ఇచ్చిన డబ్బు చూపే ఫారం) అయిపోయింది. అమ్మాయిది టీఐఎన్ (పన్ను గుర్తింపు నంబర్) గడి దగ్గరే ఆగిపోతోంది, నంబర్ తప్పంటోంది. ఆమె పంపిన నంబర్‌తో మూడుసార్లు సరిచూశాను, బ్రౌజర్ కూడా మార్చాను. శనివారమే గడువు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

లెక్కల మనిషి:
ఆమె తన పేరు, టీఐఎన్ రాసిచ్చే డబ్ల్యూ-9 ఫారం తీసుకున్నారా?

కిరాణా, షార్లెట్:
డబ్బులు ఎలా ఇచ్చారో చెప్పలేదు, అసలు విషయం అదే. క్రెడిట్ కార్డుతో ఇస్తే ఆ లెక్క కార్డు వాళ్లే 1099-కె అనే వేరే ఫారంలో చూపిస్తారు, మీరు మళ్లీ చూపకూడదు. బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే జెల్‌లో పంపితే 1099-కె రాదు, బాధ్యత మీదే. మేం ఇది తెలియక ఒకాయనకు కార్డు డబ్బులకూ 1099 ఇచ్చాం. ఆయన ఆదాయం రెండింతలు కనిపించి నోటీసు వచ్చింది, మేం మాట పడ్డాం.

పచ్చళ్ల షాపు, డాలస్:
బ్యాంకు నుంచే పంపానండి. నా సమస్య నంబర్‌తో.

పేరోల్ పని, ఎడిసన్:
అమ్మా, ఆ ప్యాకింగ్ అబ్బాయి సంగతి ముందు చూసుకోండి. ఎప్పుడు రావాలో మీరే చెప్పి, మీ డబ్బాలు, మీ తూకంతో, మీరు చెప్పినట్టే చేయిస్తుంటే అతను కాంట్రాక్టర్ కాడు, ఉద్యోగి. 1099 కాదు, ఉద్యోగి జీతం చూపే డబ్ల్యూ-2 ఫారం ఇవ్వాలి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల్లో మీ వాటా, జీతంలో 7.65 శాతం, కట్టాలి.

కిరాణా, షార్లెట్:
వారానికి రెండు రోజులొచ్చే మనిషి ఉద్యోగి ఎలా అవుతాడండి? పార్ట్‌టైమ్ అంటారు.

పేరోల్ పని, ఎడిసన్:
పార్ట్‌టైమ్ అనేది గంటల లెక్క. ఉద్యోగా కాదా అన్నది పని మీద అదుపు ఎవరిదో చూసి తేల్చేది. ఈ రెండూ కలిపేసే చాలా షాపులు ఇబ్బందిపడ్డాయి.

లెక్కల మనిషి:
ఆ నంబర్ ఎన్ని అంకెలు?

పచ్చళ్ల షాపు, డాలస్:
మొత్తం పది. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర మళ్లీ అక్షరం.

లెక్కల మనిషి:
అది పాన్ నంబర్. ఆమె ఎక్కడుంటారు?

పచ్చళ్ల షాపు, డాలస్:
విజయవాడలో. పనంతా అక్కడి నుంచే చేస్తుంది. అది ముందే చెప్పాలా?

లెక్కల మనిషి:
చెప్పాలి. ఆమెకు అమెరికా సిటిజన్‌షిప్, గ్రీన్ కార్డు లేకపోతే 1099 అక్కర్లేదు. విదేశీయులు నింపే డబ్ల్యూ-8బీఈఎన్ ఫారం నింపించి మీ దగ్గరే పెట్టుకోండి, ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్ను శాఖకు) పంపక్కర్లేదు. పాన్ వేసే గడి అందులో ఉంది.

పేరోల్ పని, ఎడిసన్:
ఇది సరైన మాట. ఈ ఏడాది, అంటే 2026లో, సంతకం చేస్తే 2029 చివరి వరకు చెల్లుతుంది, వివరాలు మారకపోతే. ఆమె ఇక్కడికొచ్చి పని చేస్తే మాత్రం లెక్క మారుతుంది, ఆమెకిచ్చే డబ్బులో 30 శాతం పన్నుగా పట్టుకోవాల్సి రావచ్చు. ఇంకోటి, జనవరి 31 శనివారం పడింది కాబట్టి గడువు సోమవారం, ఫిబ్రవరి 2.

పచ్చళ్ల షాపు, డాలస్:
సిటిజన్‌షిప్, గ్రీన్ కార్డు రెండూ లేవు ఆమెకు. ఫారం ఇప్పుడే వాట్సాప్‌లో పంపాను, అక్కడ పగలే కదా. థాంక్సండి.

పేరోల్ పని, ఎడిసన్:
మంచిది. ప్యాకింగ్ అబ్బాయి ఫారం అప్పుడే పంపేశారా?