ఈ వారం సమస్య: "జంట మోగ మోత సగము తగ్గె"

నిర్వాహకులు:
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడూ మీరు పూరించాలి. విషయం మాత్రం హోమ్ థియేటరే, బేస్ మోగించే స్పీకర్, అదే సబ్ వూఫర్, ఒకటి చాలా రెండు కావాలా అని అందరూ అడుగుతున్నారు కదా, దాని మీదే రాయండి. రెండు మోగితే మోత పెరగాలి గానీ ఎలా తగ్గుతుంది అన్నదే ఇక్కడ ముడి.

కాకినాడ సభ్యుడు:
మూల నొకటి పైన మోపి యొకటి పెట్టి
గెయిను కొంచెమటుల కిందకీడ్చి
పక్కవారి తిట్లు పడకుండ చూచితి
జంట మోగ మోత సగము తగ్గె

నిర్వాహకులు:
గణాలు యతులు అన్నీ కుదిరాయి తమ్ముడూ, గె–కి యతి చక్కగా పడింది. కానీ సమస్య విడలేదు. ఒకే మూలలో ఒకదాని మీద ఒకటి పెడితే మోత 6 డీబీ (డెసిబెల్లు) దాకా పెరుగుతుంది, నువ్వు గెయిన్ (సబ్ మీద మోత పెంచే మీట) తగ్గించావు కాబట్టి మోత తగ్గింది, అది ఒక్క సబ్ కి తగ్గించినా తగ్గుతుంది. ఒక్కోదాని మీద భారం తగ్గి బేస్ శుభ్రంగా వస్తుంది, నిజమే, కానీ సోఫాలో ఒక సీటులో దడదడ పక్క సీటులో ఖాళీ అన్న గోల అలాగే ఉంటుంది.

వరంగల్ సభ్యురాలు:
గోడ నడుమ నొకటి కూర్చి, వెనుక గోడ
నడుమ నొకటి పెట్టి నడిపినంత
పొడవు వెంట లేచు పొంగులణగిపోయి
జంట మోగ మోత సగము తగ్గె

నిర్వాహకులు:
ఇదీ పూరణ అంటే! 20 అడుగుల హాలు అనుకోండి, పొడవు వెంట గోడలకి తగిలి కదలకుండా నిలిచిపోయే మొదటి తరంగం (స్టాండింగ్ వేవ్) 28 హెర్ట్జ్ (సెకనుకి 28 కంపనాలు) దగ్గర వస్తుంది, గోడల దగ్గర హోరు, గది మధ్యలో శూన్యం. ఎదురెదురు గోడల మధ్యలో రెండు సబ్ లు ఒకే ఫేజ్ లో (రెండూ ఒకేసారి ముందుకీ వెనక్కీ కదులుతూ) మోగితే ఆ తరంగాన్ని ఒకటి లేపుతుంటే రెండోది అణుస్తుంది, అందుకే "పొంగులణగిపోయి" అన్న మాట అచ్చంగా సరిపోయింది. హార్మన్ అనే ఆడియో కంపెనీలో పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002 లో చూపించింది కూడా ఇదే, గోడల మధ్యలో పెట్టిన రెండు సబ్ లతోనే సీటుకీ సీటుకీ తేడా బాగా తగ్గుతుందని. 56 హెర్ట్జ్ దగ్గర రెండో తరంగం మాత్రం ఇలా పోదు, దాన్ని ఈక్వలైజర్ తో (ఒక్కో ఫ్రీక్వెన్సీ మోతని విడిగా పెంచి తగ్గించే సాధనం) దించుకోవాలి. మొదటి గోడ ముందుదని పద్యంలోనే చెప్పి ఉంటే ఇంకా బావుండేది అమ్మా.

బెజవాడ సభ్యుడు:
ఒకటి ముందుకుబుక నొకటి వెనుకకీడ్చె
ఫేజు మీట తప్పు వైపునుండ
కొన్న సంతసమ్ము కూలిపోయెను గదా
జంట మోగ మోత సగము తగ్గె

వరంగల్ సభ్యురాలు:
అన్నా, భావం భలే కొత్తగా ఉంది, మేమంతా తగ్గడం మంచిదే అనుకుని రాస్తే మీరు దాన్నే బాధగా తిప్పారు. రెండో పాదంలో యతి చూడండి, ఫే కి వై కుదరదు, ఐకారం అ, ఆ ల జట్టు కదా. "ఫేజు మీట యెదురు పెట్టియుండ" అంటే సరిపోతుంది.

నిర్వాహకులు:
సవరణ బావుంది. ఈ పద్యంలో చెప్పింది చాలా ఇళ్ళల్లో నిజంగా జరుగుతుంది, రెండోది కొన్నాక బేస్ పోయింది అని తిరిగి అమ్మేసేవాళ్ళున్నారు. 80 హెర్ట్జ్ టోన్ పెట్టి రెండో సబ్ ఫేజు మీట 0 డిగ్రీల దగ్గరా 180 డిగ్రీల దగ్గరా మార్చి మీరు కూర్చునే చోట ఎటు గట్టిగా వినిపిస్తే అటు ఉంచండి.

కాకినాడ సభ్యుడు:
మరి నాలా ఒక్కడే కూర్చుని చూసేవాడికి రెండోది అవసరమా సార్?

నిర్వాహకులు:
ఒక్క సీటే అయితే ఒక్క మంచి సబ్ చాలు, దాన్ని గదిలో జరిపి జరిపి చోటు వెతుక్కో, ఎక్కడ శూన్యం పడకుండా ఉందో అక్కడ పెట్టి పైకి లేచిన చోట్ల ఈక్వలైజర్ తో కత్తిరించు. శూన్యాన్ని మాత్రం ఈక్వలైజర్ తో నింపలేవు, ఎంత పవర్ పోసినా ఆ చోట అల అలని మింగేస్తుంది. ఇంటిల్లిపాదీ వరసగా కూర్చుంటే మాత్రం పెద్దది ఒకటి కొనే డబ్బుకి చిన్నవి రెండు కొనమనే నేను చెప్తాను. రిసీవర్ (స్పీకర్లన్నిటికీ సిగ్నల్ పంపే పెట్టె) మీద 7.2 అని, అంటే ఏడు స్పీకర్లు రెండు సబ్ లు అని, రాసి ఉన్నా కొన్నిట్లో రెండు సాకెట్లకీ ఒకే సిగ్నల్ వెళ్తుంది, ఒక్కో సబ్ కి విడివిడిగా డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే అమరిక) ఇస్తుందో లేదో కొనేముందే షాపులో అడుగు.