ఆఫీసు ఐపీ చిరునామా మారుతూ ఉంటే, దూరంలో ఉన్న సర్వర్ల మీద జాబిక్స్ ఏజెంటును భద్రంగా అమర్చడం ఎలా?

ప్రశ్న: గోదావరిగట్టు

అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరంలో రైసు మిల్లులకు బిల్లింగు సాఫ్ట్‌వేరు అందించే ఒక చిన్న సంస్థలో సర్వర్ల బాధ్యత చూస్తున్నాను. మా అప్లికేషన్లు ముంబయిలోని ఒక డేటా సెంటరులో అద్దెకు తీసుకున్న మూడు ఉబుంటు సర్వర్ల మీద నడుస్తాయి. వాటిని కనిపెట్టుకుని ఉండే జాబిక్స్ సర్వరు మాత్రం మా ఆఫీసులోనే, మామూలు బ్రాడ్‌బ్యాండు కనెక్షను వెనుక, ఒక పాత డెస్క్‌టాపు మీద ఉంది. మా ఐపీ చిరునామా స్థిరమైనది కాదు. రూటరు ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ మారుతుంది.

నాకు ముందు ఈ పని చూసినవారు ఈ మార్పుల బాధ పడలేక, మూడు సర్వర్లలోనూ ఏజెంటు (ఆ యంత్రం స్థితిగతులను జాబిక్స్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాము) కన్ఫిగరేషన్ ఫైలులో ‘సర్వర్’ అన్నచోట 0.0.0.0/0 అని రాసి, ఫైర్‌వాల్‌లో ఏజెంటు వినే 10050 పోర్టును అందరికీ తెరిచి వెళ్లిపోయారు. అలా రాస్తే ఏ చిరునామా నుంచి అడిగినా ఏజెంటు జవాబిస్తుందని విని, నిజమో కాదో చూద్దామని నిన్న రాత్రి ఇంట్లో ల్యాప్‌టాపును ఫోను డేటాకు కలిపి, జాబిక్స్ గెట్ అనే పరికరంతో ఒక సర్వరును అడిగి చూశాను. యంత్రం పేరు వచ్చింది, కెర్నల్ వెర్షను వచ్చింది, చివరకు ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌వర్డ్ ఫైలు మొత్తం నా తెర మీదకు వచ్చింది. అందులో అసలు పాస్‌వర్డ్‌లు ఉండవని తెలుసు గానీ, వాడుకరుల పేర్లన్నీ ఊరూ పేరూ తెలియనివారి చేతికి అందుతాయన్న ఆలోచనకే నిద్ర పట్టలేదు.

డైనమిక్ డీఎన్ఎస్ పేరు (ఐపీ మారినప్పుడల్లా కొత్త చిరునామాను చూపే పేరు) ఒకటి పెట్టుకుని దానిని ‘సర్వర్’ దగ్గర రాస్తే సరిపోతుందా? లేక పీఎస్‌కే (ఇరువైపులా ముందే ఉంచుకునే రహస్య కీ) ఎన్‌క్రిప్షను పెట్టాలా? పగటిపూట మిల్లుల బిల్లింగు ఆగకూడదు కనుక, పర్యవేక్షణ తెగిపోకుండా మార్పు చేసే క్రమం కూడా ఎవరైనా చెప్పగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం: రాత్రిడ్యూటీ

గోదావరిగట్టు గారూ, ముందుగా ఈ రాత్రే చేయవలసిన పని ఒకటుంది. మీ ఆఫీసుకు ఇప్పుడున్న ఐపీ చిరునామాను మాత్రమే 10050 పోర్టులోకి అనుమతించి, మిగిలినవారందరికీ ఫైర్‌వాల్‌లో ఆ తలుపు మూసేయండి. రేపు చిరునామా మారితే గ్రాఫులు ఆగుతాయి, అంతే. గ్రాఫులు ఒక పూట ఆగడం వల్ల వచ్చే నష్టం, ఆ తలుపు ఇంకో పూట తెరిచి ఉండటం వల్ల వచ్చే నష్టంతో పోలిస్తే లెక్కలోకి రాదు.

డైనమిక్ డీఎన్ఎస్ విషయానికి వస్తే, ‘సర్వర్’ పరామితి పేర్లను అంగీకరిస్తుంది కానీ, మీ పరిస్థితిలో దాని మీద ఆధారపడవద్దని నా సలహా. ఫైర్‌వాల్‌లో పేరు రాసినా, ఆ నియమం పెట్టిన క్షణంలో ఆ పేరుకున్న చిరునామాయే అక్కడ నిలిచిపోతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, మన ఊళ్లలోని బ్రాడ్‌బ్యాండు సంస్థలు చాలావరకు ఒకే బయటి చిరునామాను ఎంతోమంది ఖాతాదారులకు కలిపి ఇస్తున్నాయి. అలాంటి చిరునామాను అనుమతించడమంటే మీ ఆఫీసుతోపాటు ఆ వీధిలోని వారందరినీ అనుమతించడమే.

నేనైతే వైర్‌గార్డ్ టన్నెల్ (రెండు యంత్రాల మధ్య ఎన్‌క్రిప్షనుతో నడిచే సొంత దారి) వేస్తాను. 2020లో వచ్చిన 5.6 నుంచి అది లైనక్స్ కెర్నల్‌లోనే భాగం కనుక ఉబుంటులో అమర్చడానికి పెద్ద శ్రమ ఉండదు. స్థిరమైన చిరునామా ఉన్నవి మీ ముంబయి సర్వర్లు కాబట్టి అవి యూడీపీ 51820 పోర్టు మీద వింటూ ఉండాలి. ఆఫీసు యంత్రం వాటిని వెతుక్కుంటూ వెళ్లాలి. ఆఫీసు వైపు ‘పర్సిస్టెంట్ కీప్ అలైవ్’ 25 సెకన్లు అని పెడితే మధ్యలోని రూటరు ఆ దారిని మరచిపోదు. మీ ఐపీ మారినా చింత లేదు: సరైన కీతో వచ్చిన ప్యాకెట్టు ఏ చిరునామా నుంచి వచ్చిందో చూసుకుని, అవతలి చివర తన జవాబులను అటే మళ్లించుకుంటుంది. కీ లేనివారు తలుపు తడితే వైర్‌గార్డ్ పలకనే పలకదు కనుక, పోర్టులు వెతికేవారికి అక్కడ ఏమీ ఉన్నట్టే తెలియదు. టన్నెల్‌లో ఆఫీసు యంత్రానికి 10.20.0.1 అనీ, సర్వర్లకు 10.20.0.11 మొదలుకొని వరుసగానూ ఇచ్చుకోండి. ఒక్కొక్క సర్వరులో ‘అలౌడ్ ఐపీస్’ దగ్గర 10.20.0.1/32 మాత్రమే రాయండి. తొందరలో మొత్తం నెట్‌వర్కును రాసేస్తే తరువాత దానిని తగ్గించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ తరువాత ఏజెంటు సంగతి. (పరామితుల పేర్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఫైలులో అవి ఇంగ్లీషు అక్షరాలలో, ఖాళీలు లేకుండా ఉంటాయి.) ‘లిజన్ ఐపీ’ దగ్గర ఆ సర్వరు టన్నెల్ చిరునామా, ‘సర్వర్’ దగ్గర 10.20.0.1 రాయండి. అప్పుడు ఏజెంటు బయటి నెట్‌వర్కు వైపు చెవి ఒగ్గదు, లోపల కూడా ఒక్కరికే జవాబిస్తుంది.

టన్నెల్ ఉన్నా పీఎస్‌కే పెట్టమనే చెబుతాను. జాబిక్స్‌లో ఈ సౌకర్యం 2016లో వచ్చిన 3.0 నుంచీ ఉంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ర్యాండ్ ఆదేశంతో 32 బైట్ల యాదృచ్ఛిక విలువను హెక్స్ రూపంలో పుట్టించి, ఒక ఫైలులో ఉంచి, ఆ ఫైలును జాబిక్స్ వాడుకరి తప్ప మరెవరూ చదవలేని విధంగా అనుమతులు బిగించండి. ఒక్కొక్క సర్వరుకు ఒక్కొక్క కీ, ఒక్కొక్క గుర్తింపు పేరు ఉండాలి. ఆ గుర్తింపు పేరు నెట్‌వర్కులో ఎన్‌క్రిప్షను లేకుండానే ప్రయాణిస్తుంది కనుక అందులో ఖాతాదారు పేరు వంటివి ఇరికించవద్దు.

పర్యవేక్షణ తెగకుండా మార్చే క్రమం ఇది. మొదట ఏజెంటులో ‘టీఎల్ఎస్ యాక్సెప్ట్’ దగ్గర ఎన్‌క్రిప్షను లేనిదానినీ పీఎస్‌కేనూ కామాతో కలిపి రెండింటినీ రాసి, ఏజెంటును రీస్టార్టు చేయండి. అది పాత పద్ధతిలో అడిగినా కొత్త పద్ధతిలో అడిగినా పలుకుతుంది. పిమ్మట జాబిక్స్ వెబ్ పేజీలో ఆ హోస్టు తాలూకు ఎన్‌క్రిప్షన్ ట్యాబులో, హోస్టు వైపు వెళ్లే కనెక్షన్లకు పీఎస్‌కే ఎంచుకుని, గుర్తింపు పేరునూ కీనీ అతికించండి. సమాచారం వస్తున్నదని నిర్ధారించుకున్నాక ఏజెంటు ఫైలులో పీఎస్‌కే ఒక్కటే మిగిల్చి మళ్లీ రీస్టార్టు చేయండి. ఈ చివరి అడుగు మరచిపోయినవారిని చాలామందిని చూశాను. గ్రాఫులు చక్కగా వస్తుంటాయి కనుక అంతా అయిపోయిందనుకుంటారు, కానీ పాత తలుపు ఓరగానే ఉంటుంది.

సమాధానం: పాతకాపు

రాత్రిడ్యూటీ గారు చెప్పిన టన్నెల్ పద్ధతితో నాకు పేచీ లేదు గానీ, ఆఫీసులోని పాత డెస్క్‌టాపు మీద జాబిక్స్ సర్వరును నడపడమే అసలు చిక్కు అని నా అభిప్రాయం. కరెంటు పోయిన ప్రతిసారీ మీ మూడు సర్వర్లూ పడిపోయినట్టు కనిపిస్తాయి, నిజంగా పడిపోయినప్పుడు కబురు అందదు. వీలు చూసుకుని దానిని కూడా ఒక చిన్న అద్దె సర్వరులోకి మార్చండి. ఎక్కడ ఉంచినా ఒకటి గుర్తుంచుకోండి: పీఎస్‌కే విలువలు జాబిక్స్ డేటాబేసులో మామూలు అక్షరాలుగానే ఉంటాయి. ఏజెంటు వైపు ఎన్ని తాళాలు వేసినా, ఆ డేటాబేసు బ్యాకప్పును అందరూ చూడగలిగే షేర్డ్ ఫోల్డరులో పడేస్తే తాళంచెవులన్నీ గుమ్మానికి తగిలించినట్టే.

ఇప్పటివరకు ఏజెంటును ఎవరు అడగవచ్చన్నదే మాట్లాడుకున్నాము. ఏమి అడగవచ్చన్నది కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే రేపు మీ జాబిక్స్ సర్వరే ఎవరి చేతిలోనైనా పడితే టన్నెలూ పీఎస్‌కే రెండూ వారికి దారి చూపేవే అవుతాయి. 2020లో వచ్చిన 5.0 నుంచి ‘అలౌ కీ’, ‘డినై కీ’ అనే పరామితులు ఉన్నాయి. ఇక్కడ కీ అంటే ఎన్‌క్రిప్షను కీ కాదు, ఏజెంటును అడిగే ప్రశ్న పేరు. దూరం నుంచి ఆదేశాలు నడిపించే సిస్టమ్ రన్ కీ అడగకుండానే మూసి ఉంటుంది. మీకు ముందున్నవారు దానిని తెరిచి ఉంచారేమో ఫైలులో చూడండి. పాత వ్యాసాలను చూసి ‘ఎనేబుల్ రిమోట్ కమాండ్స్’ దగ్గర 1 రాసినవారు ఎందరో ఉన్నారు.

నిన్న మీకు పాస్‌వర్డ్ ఫైలును చదివి పెట్టింది ఫైలులోని విషయాన్ని తెచ్చే కీ. దానిని మొత్తంగా ‘డినై కీ’లో పెడదామని అందరికీ తోస్తుంది. పెట్టగానే లైనక్స్ టెంప్లేటులోని (జాబిక్స్‌తో వచ్చే సిద్ధ జాబితా) నెట్‌వర్కు ఇంటర్‌ఫేసుల ఐటెమ్‌లు (ఒక్కొక్క కొలత) కొన్ని పనిచేయడం మానేస్తాయి, ఎందుకంటే అవి సిస్ కింద క్లాస్, నెట్ డైరెక్టరీలలోని చిన్న ఫైళ్లను చదివే పని ఇదే కీతో చేయించుకుంటాయి. అందుచేత ముందు ఆ డైరెక్టరీ వరకు ‘అలౌ కీ’ వరుస రాసి, దాని కింద మిగిలినదంతా నిషేధించే ‘డినై కీ’ వరుస రాయాలి. ఏజెంటు పైనుంచి కిందికి చదువుతూ, సరిపోలిన మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది కనుక వరుసల క్రమం తారుమారైతే ఫలితం కూడా తారుమారవుతుంది. ఫైలులో పదాలను వెతికిపెట్టే రెజెక్స్‌పీ కీ కూడా అదే సమాచారాన్ని బయటికి తేగలదు, దానినీ మూయండి.

ఒక హెచ్చరిక. ఈ నియమాలు అక్షరాల పోలికను మాత్రమే చూస్తాయి. దారి మధ్యలో రెండు చుక్కలు పెట్టి డైరెక్టరీ నుంచి వెనక్కి నడిచే ఉపాయం తెలిసినవారికి, నక్షత్రం గుర్తుతో రాసిన అనుమతి పెద్ద అడ్డంకి కాదు. అసలైన గోడ ఫైలు అనుమతులే. మీ బిల్లింగు అప్లికేషను డేటాబేసు పాస్‌వర్డు ఉన్న ఫైలును అందరూ చదవగలిగేలా వదిలేశారా లేదా అన్నది ఈ రోజే చూసుకోండి. జాబిక్స్ వాడుకరి చదవలేని ఫైలును జాబిక్స్ ఏజెంటు ఎవరికీ చదివి వినిపించలేదు.

ఆ వాడుకరికి సుడో అనుమతి (రూట్ అధికారంతో ఆదేశాలు నడిపే హక్కు) ఏదైనా ఇచ్చి ఉన్నారేమో కూడా వెతకండి. హార్డ్ డిస్కు ఆరోగ్యం చూడాలన్న ఒక్క అవసరానికి, పాస్‌వర్డు అడగకుండా ఏ ఆదేశమైనా నడిపే హక్కు ఇచ్చేయడం పరిపాటి అయిపోయింది. రూట్ క్రాన్ ద్వారా అయిదు నిమిషాలకొకసారి ఆ ఫలితాన్ని ఒక ఫైలులో రాయించి, జాబిక్స్ సెండర్‌తో పంపించండి. ఏజెంటు చేతికి రూట్ అధికారం ఇవ్వనక్కరలేదు. ‘అన్‌సేఫ్ యూజర్ పారామీటర్స్’ 0గానే ఉండనివ్వండి.

సమాధానం: తీగలాగితే

ఒక చిన్న సంగతి చేరుస్తాను. మీ ఏజెంటు డాకర్ కంటెయినరుగా (మిగతా యంత్రం నుంచి వేరు చేసిన పెట్టెలో) నడుస్తూ 10050 పోర్టును బయటికి ప్రచురిస్తూ ఉంటే, యూఎఫ్‌డబ్ల్యూలో (ఉబుంటు ఫైర్‌వాల్ పరికరం) మూసినంత మాత్రాన ఆ పోర్టు మూతపడదు. డాకర్ తన సొంత నియమాలతో ఆ ప్యాకెట్లను ముందే వేరే దారి పట్టిస్తుంది, అవి యూఎఫ్‌డబ్ల్యూ కాపలా కాసే ద్వారం దగ్గరకు రానే రావు. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్‌ను నమ్మి కూర్చోకుండా, నిన్న చేసినట్టే ఫోను డేటా మీద నుంచి మళ్లీ ఒకసారి అడిగి చూడండి. డేటా సెంటరువారు తమ వైపు వేరే ఫైర్‌వాల్ ఇస్తే దానిని కూడా వాడండి.

తిరుగు జవాబు: గోదావరిగట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మా ఏజెంట్లు కంటెయినర్లలో లేవు. మొన్న రాత్రి పోర్టు మూశాను, నిన్న టన్నెల్ వేశాను, ఈ రోజు పీఎస్‌కే పూర్తయింది. ఫోను డేటా నుంచి అడిగితే ఇప్పుడు ఏ సర్వరూ పలకడం లేదు. పాతకాపు గారు అనుమానించినట్టే, ఒక సర్వరులో జాబిక్స్ వాడుకరికి సుడోలో సర్వాధికారాలూ ఉన్నాయి. ఎందుకిచ్చారో చెప్పేవారు లేక తీసేశాను, ఏదీ ఆగలేదు. బిల్లింగు ఫైలు అనుమతులు కూడా సరిచేశాను.

ఒక చిక్కు మిగిలింది. అప్‌డేట్ల కోసం రెండవ సర్వరును రీబూట్ చేస్తే ఏజెంటు లేవలేదు. లాగ్ ఫైలులో 10.20.0.12 చిరునామాకు బైండ్ కాలేకపోతున్నట్టు పది సెకన్లకొకసారి అదే వరుస కనిపిస్తున్నది. వైర్‌గార్డ్‌ను చేత్తో మొదలుపెట్టగానే ఏజెంటు దానంతటదే లేచింది.

సమాధానం: రాత్రిడ్యూటీ

చేత్తో మొదలుపెట్టారు గాని, బూట్ అయినప్పుడు దానంతటదే లేవమని సిస్టమ్‌డీకి (బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రాము) చెప్పినట్టు లేరు. డబ్ల్యూజీ క్విక్ సర్వీసును మీ ఇంటర్‌ఫేసు పేరుతో ఎనేబుల్ చేయండి. దానితోపాటు సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ద్వారా ఏజెంటు సర్వీసుకు ఒక చిన్న చేర్పు రాసి, అందులో ‘ఆఫ్టర్’ దగ్గరా ‘వాంట్స్’ దగ్గరా ఆ వైర్‌గార్డ్ సర్వీసు పేరు ఇవ్వండి. ప్యాకేజీతో వచ్చిన అసలు ఫైలును మాత్రం దిద్దవద్దు, తరువాతి అప్‌డేట్ మీ మార్పును తుడిచేయవచ్చు. మూడు సర్వర్లలోనూ చేసి, ఒక్కొక్కదానిని రాత్రి వేళ రీబూట్ చేసి చూడండి.

పాతకాపు గారు కరెంటు గురించి చెప్పింది నిజమే. జాబిక్స్ సర్వరును మార్చేవరకు ఆ మధ్య సమాచారమైనా పోకుండా ఉండాలంటే, ఏజెంట్ 2 (ఏజెంటు కొత్త రూపం) వాడుతూ ముఖ్యమైన ఐటెమ్‌లను యాక్టివ్ పద్ధతిలోకి (ఏజెంటే సమాచారం పంపే పద్ధతి) మార్చి, ‘ఎనేబుల్ పర్సిస్టెంట్ బఫర్’ను 1 చేసి, బఫరు ఫైలుకు చోటు చూపించండి. మీరేమీ మార్చకపోతే అది గంటసేపటి సమాచారమే దాచుతుంది. మీ దగ్గర కోతలు ఎంతసేపుంటాయో చూసుకుని ఆ గడువు పెంచుకోండి. యాక్టివ్ పద్ధతిలో ఏజెంటే 10.20.0.1లోని 10051 పోర్టుకు వెళ్తుంది కనుక, ఏజెంటులో ‘సర్వర్ యాక్టివ్’ దగ్గర ఆ చిరునామానూ, ‘టీఎల్ఎస్ కనెక్ట్’ దగ్గర పీఎస్‌కేనూ రాసి, వెబ్ పేజీలో హోస్టు నుంచి వచ్చే కనెక్షన్లకు కూడా పీఎస్‌కే ఒక్కటే ఎంచుకోవాలి. ‘హోస్ట్‌నేమ్’ మాత్రం వెబ్ పేజీలో ఉన్నదానితో అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

తిరుగు జవాబు: గోదావరిగట్టు

మూడింటినీ నిన్న రాత్రి రీబూట్ చేశాను, ఏజెంట్లన్నీ వాటంతటవే లేచాయి. మా వీధిలో కోత రెండు గంటలు దాటడం అరుదు కనుక బఫరు గడువును నాలుగు గంటలకు పెంచాను. మూడవ సర్వరు నుంచి మాత్రం యాక్టివ్ ఐటెమ్‌లు రాక గంటసేపు తల పట్టుకున్నాను. చూస్తే ‘హోస్ట్‌నేమ్’లో ఒక అక్షరం పెద్దబడిలో ఉండవలసింది చిన్నబడిలో ఉంది.