రెడీమేడ్ గేమింగ్ పీసీ కొంటే తర్వాత అప్‌గ్రేడ్ చేసుకోవచ్చా?

అందరికీ నమస్తే. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. తమ్ముడికి గేమ్స్‌కీ, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌కీ పనికొచ్చే డెస్క్‌టాప్ కొనాలి. ఓ షోరూమ్‌లో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న రెడీమేడ్ సిస్టమ్ నచ్చింది. ఒకే బిల్లు, ఒకే వారంటీ. అది నిజంగా పెద్ద సుఖం.

కానీ పక్క ప్యానెల్ తీయించి చూస్తే టెన్షన్ పట్టుకుంది. మదర్‌బోర్డుకి మామూలు 24 పిన్ల పవర్ కనెక్టర్ లేదు, కంపెనీ సొంత చిన్న కనెక్టర్ ఉంది. పవర్ సప్లై కూడా మామూలు సైజు కాదు. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్, రెండో స్లాట్ ఖాళీ. ర్యామ్ సంగతి సరే, ఇంకో స్టిక్ వేస్తే డ్యూయల్ ఛానెల్ అవుతుంది, అంటే రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేసి వేగం పెరుగుతుంది. రేపు పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయాలంటే పవర్ సప్లై ఎలా మార్చాలి? మామూలు పవర్ సప్లైని ఈ చిన్న కనెక్టర్‌కి కలిపే 24 పిన్ల అడాప్టర్లు నమ్మొచ్చా?

కంప్యూటర్ పార్టుల షాపులుండే ఎస్పీ రోడ్‌లో ఏఎం5 (ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్) బోర్డుతో అసెంబుల్ చేయించుకోమంటున్నారు. ఆ సాకెట్‌కి 2027 వరకూ, ఆపైన కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి నా మనసు అటే లాగుతోంది. అయితే ఏదైనా పార్టు పోతే షాపువాళ్లే చూసుకుంటారా, మనమే సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరగాలా? అక్కడ చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.