పాటలకీ గేమ్స్‌కీ ఒక్కటే: గేమింగ్ హెడ్‌సెట్ మేలా, మామూలు హెడ్‌ఫోనూ విడి మైకూ మేలా?

కొత్తచెవులు:
రెండేళ్ళు వాడిన బ్లూటూత్ హెడ్‌ఫోన్ బ్యాటరీ పోయింది, ఇప్పుడు గంట కూడా రావట్లేదు. బడ్జెట్ తక్కువ, ఒక్కటే కొనగలను. పగలు పని చేసుకుంటూ నాలుగైదు గంటలు పాటలు వింటా, రాత్రి ఓ రెండు గంటలు షూటింగ్ గేమ్స్, టీమ్‌తో మాట్లాడుతూ. టీమ్ వాళ్ళంతా 7.1 (శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు వినిపించే) గేమింగ్ హెడ్‌సెట్ తీసుకో అంటున్నారు, పాటలు బాగా వినే వాళ్ళేమో గేమింగ్ అని రాసున్నది ముట్టుకోకు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

తీగలవాడు:
నాలుగైదు గంటలు పాటలే అన్నావు కదా తమ్ముడూ, అక్కడే తేలిపోయింది. వైర్ ఉన్న మామూలు మ్యూజిక్ హెడ్‌ఫోన్ తీసుకో, కాలర్‌కి తగిలించే చిన్న మైక్ విడిగా కొనుక్కో. చవక హెడ్‌సెట్‌లో నువ్వు పెట్టే డబ్బు లైట్లకీ, మైక్‌కీ, కంప్యూటర్‌కి గుచ్చే వైర్‌లెస్ డాంగిల్‌కీ పంచుకుపోగా అసలు శబ్దం పుట్టే డ్రైవర్‌కి మిగిలేది ఎంతని?

7.1 సంగతి కూడా చెప్తా విను. దాదాపు అన్నిట్లోనూ చెవికొకటి చొప్పున ఉండేవి రెండే డ్రైవర్లు, మిగతాదంతా సాఫ్ట్‌వేర్. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో మనకి తెలిసేది అది ఒక చెవికి ముందు, ఇంకో చెవికి కాస్త వెనక చేరడం వల్ల, ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, పైనా కిందా ముందూ వెనకా అనేది చెవి డొప్ప మడతలకి తగిలి శబ్దం మారే తీరుని బట్టి తెలుస్తుంది. ఆ లెక్కంతా ఇప్పుడు చాలా గేమ్స్ వాటంతటవే చేస్తున్నాయి, వాలరెంట్‌లో అయితే ఆడియో సెట్టింగ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఉంటుంది చూడు, అది ఆన్ చేస్తే మామూలు స్టీరియో హెడ్‌ఫోన్‌లోనే వస్తుంది. దాని మీద హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ ఇంకోసారి అదే పని చేస్తే దిక్కులన్నీ కలగాపులగం అయిపోతాయి.

నా పాత హెడ్‌సెట్‌లో బేస్ ఎంత ఉబ్బించి పెట్టారంటే గ్రెనేడ్ పేలితే ఆ గుమ్మనే మోత ఆగేదాకా మెట్ల మీద అడుగులు వినపడేవి కావు. గట్టి బేస్ ఉంటే దానికంటే పై ఫ్రీక్వెన్సీల్లో ఉన్న చిన్న చప్పుళ్ళని మింగేస్తుంది, అది చెవి తత్వం. పాటలో కూడా అంతే, డ్రమ్ పడ్డ ప్రతిసారీ గొంతు వెనక్కి పోయేది. ఒకసారి మ్యూజిక్ హెడ్‌ఫోన్ అరువు తెచ్చుకుని అదే పాట పెడితే గిటార్ వాయించేవాడి వేళ్ళు తీగ మీద జారే చప్పుడు వినిపించింది, వందసార్లు విన్న పాటలో అది అక్కడుందనే నాకు తెలీదు.

లాస్ట్‌సర్కిల్:
అన్నా మీరు చెప్పింది చెత్త హెడ్‌సెట్ల గురించి, అన్నిట్నీ ఒకే గాటన కట్టకండి. మొదట వచ్చిన హైపర్‌ఎక్స్ క్లౌడ్ సంగతి తెలుసుగా, దాని పునాది టాక్‌స్టార్ ప్రో 80 అనే మ్యూజిక్ హెడ్‌ఫోనే, దానికే మైక్ పెట్టి అమ్మారు. అంటే పేరులో ఏం లేదు, లోపల ఏముందో చూడాలి.

రెండోది మైక్. కాలర్ మైక్ అనడం తేలికే, వాడి చూడండి. చొక్కాకి రాసుకుని బరబరా, కీబోర్డు టకటకా, ఫ్యాన్ గాలి, మొత్తం టీమ్ చెవుల్లోకి పోతది. నోటి పక్కన ఉండే మైక్‌కి ఆ బాధ ఉండదు, మెల్లగా మాట్లాడినా అందుతది. రాత్రి పూట ఆడేవాడికి అది చిన్న విషయం కాదు. మీరు పాటలు వినే మనిషిగా చెప్తున్నారు, అతను టీమ్‌లో ఆడుతున్నాడు, అవతల నలుగురికి వినపడాలి కదా.

నిశిరాగం:
మీరిద్దరూ మైక్ దగ్గరే ఆగిపోయారు, అతని గదిలో ఇంకెవరైనా ఉంటారా అని ఒక్కరూ అడగలేదండీ. ఓపెన్ బ్యాక్, అంటే డొప్పల వెనక తెరిచి ఉండేది అయితే పాటలు విశాలంగా వినిపిస్తాయి నిజమే, అడుగులు ఎటు నుంచో కూడా బాగా తెలుస్తుంది, ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ 9500 లాంటివి అందుకే అంత పేరు తెచ్చుకున్నాయి, కానీ లోపలి పాట పక్కవాళ్ళకి వినిపిస్తుంది, పక్కవాళ్ళ మాటలు లోపలికొస్తాయి. బయట గోల ఎక్కువైతే మనకి తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే. ఈయన రోజుకి ఆరేడు గంటలంటున్నారు, అంటే వారానికి నలభై దాటిపోతోంది. కాబట్టి గోల ఉండే గది అయితే వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాకే తీసుకోవాలి, ఇందులో నేను రాజీ పడను.

కళ్ళజోడు ఉంటే ఇంకో సంగతి. కాడ దగ్గర ప్యాడ్‌కీ చెంపకీ మధ్య సందు పడి క్లోజ్డ్ వాటిలో బేస్ కారిపోతుంది. నేను మెత్తటి గుడ్డ ప్యాడ్లకి మారాక నొప్పి తగ్గింది, పాత రెక్సిన్ ప్యాడ్లు ఏడాదికే నల్లగా పొట్టు రాలి చెవుల చుట్టూ అంటుకునేవి. ప్యాడ్లూ కేబులూ ఊడదీసి మార్చుకునేలా ఉందా లేదా అని ముందే చూసుకోండి, సగం హెడ్‌ఫోన్లు మూలన పడేది ఆ రెండిటి వల్లే.

తీగలవాడు:
క్లోజ్డ్ విషయం ఒప్పుకుంటున్నా, గది సంగతి నేను అడగాల్సింది. మైక్ విషయంలో మాత్రం ఒప్పుకోను, కేబుల్ ఊడేది అయితే ఆ సాకెట్లోనే పెట్టుకునే బూమ్ మైక్ కేబుళ్ళు దొరుకుతాయి, నోటి పక్కనే ఉంటుంది, బరబరా ఉండదు. అన్ని మోడల్స్‌కీ పట్టదు, సాకెట్ చూసి కొనాలి.

బ్లూటూత్ మాత్రం మళ్ళీ కొనకు తమ్ముడూ. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌లో, అంటే బ్లూటూత్ పాటని కుదించి పంపే పద్ధతిలో, శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యం, 60 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకి 60 బొమ్మలు వచ్చేటప్పుడు, ఒక్కో ఫ్రేమ్ 17 మిల్లీసెకన్లు కూడా లేదు, నువ్వే లెక్కేసుకో. పైగా మైక్ ఆన్ చేయగానే కాల్ మోడ్‌లోకి పోయి పాట డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోతుంది. ఓమ్స్, అంటే హెడ్‌ఫోన్ కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత, అది కూడా చూడు, 32 నుంచి 60 దాకా ఉన్నవి ఫోన్‌కీ కంప్యూటర్‌కీ హాయిగా సరిపోతాయి, 250 ఓమ్స్ ఉన్నదాన్ని పేరు చూసి కొంటే విడిగా శబ్దం పెంచే యాంప్ కూడా కావాల్సొస్తుంది.

లాస్ట్‌సర్కిల్:
బ్లూటూత్ విషయంలో మీ మాటే నా మాట. వైర్ వద్దనుకుంటే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ వచ్చేవే, వాటిలో ఆలస్యం తెలియదు. కానీ మైక్ కేబుల్ వేరే, మైక్‌నీ సౌండ్‌నీ విడదీసే స్ప్లిటర్ వేరే, అన్నీ కలిపితే హెడ్‌సెట్ రేటే అవుతది, ఆ లెక్క కూడా అతనికి చెప్పండి.

కొత్తచెవులు:
గదిలో అన్నయ్య కూడా ఉంటాడు, కాబట్టి నాకు కళ్ళజోడు ఉన్నా క్లోజ్డే. నిన్న రాత్రి టీమ్‌మేట్ హెడ్‌సెట్, అన్నయ్య పాత స్టూడియో హెడ్‌ఫోన్ రెండూ పక్కన పెట్టుకుని అదే మ్యాప్, అదే మెట్లు, కళ్ళు మూసుకుని ఫ్రెండ్‌ని పైకీ కిందకీ నడవమన్నా. హెడ్‌సెట్‌లో 7.1 ఆన్ చేస్తే పదిలో నాలుగుసార్లు తప్పు చెప్పా, ఆఫ్ చేసి గేమ్‌లోది ఆన్ చేస్తే ఒక్కసారే తప్పింది. స్టూడియో దానిలో కూడా ఒక్కసారే. అంటే గేమ్‌కి రెండూ నాకు సమానమే. తర్వాత అమ్మకి ఇష్టమైన ఒక పాట రెండిటిలో పెట్టి విన్నా, స్టూడియో దానిలో పాడినావిడ పల్లవికి ముందు ఊపిరి తీసుకోవడం వినిపించింది. కేబుల్ ఊడే క్లోజ్డ్ బ్యాక్ ఒకటి, 38 ఓమ్స్‌ది, ఆర్డర్ పెట్టేశా. లాస్ట్‌సర్కిల్ బ్రో చెప్పిన లెక్క వేశా, స్ప్లిటర్‌తో కలిపి కొంచెం ఎక్కువే అయింది, అందుకే బూమ్ మైక్ వచ్చే నెల, అప్పటిదాకా పాత ఇయర్‌ఫోన్ మైక్‌తోనే మాట్లాడతా.