‘జారుడు పట్టీ’యా, ‘జరుపు పట్టీ’యా? స్క్రోల్‌బార్ మీద చర్చ

కావలి నుంచి:
డిప్లొమా పిల్లలకు పైథాన్ టీకేఇంటర్ (కిటికీలు, బటన్లు తయారుచేసే పనిముట్లు) పాఠాలు తెలుగులో రాస్తున్నాం. తెర మీది వరసలను పైకీ కిందికీ కదిపే స్క్రోల్‌బార్ దగ్గర మాట తేలడం లేదు. ‘జారుడు పట్టీ’ అంటున్నారు కొందరు, ‘చుట్ట పట్టీ’ అని ఇంకొందరు. దాని భాగాలకు కూడా పేర్లు కావాలి. పెద్దలు చెప్పండి.

ఒంగోలు నుంచి:
‘చుట్ట’ వద్దన్నా. స్క్రోల్ అంటే చుట్టిపెట్టిన కాగితమే, కాదనను. గానీ మన పాత పుస్తకాల రాత ఎక్కువగా తాటాకు మీద సాగింది. నెల్లూరులో తిక్కన భారతం చెప్పిన 13వ శతాబ్దంలోనూ అంతే. ఆకు తిప్పడం మనకు తెలుసు, చుట్ట విప్పి చదవడం మన అలవాటు కాదు.

‘జారుడు’లో వేరే చిక్కుంది. కాలు జారింది, మాట జారింది, చేతిలో గ్లాసు జారింది అంటాం. ఎవరూ పట్టుకుని చేసిన పని కాదది. స్క్రోల్‌బార్‌ని చేత్తో పట్టుకుని ఎంత కావాలో అంతే కదుపుతాం. బల్ల గోడవైపు జరుపు, కుర్చీ ఇటు జరుపు అంటామే, ఆ జరపడం ఇది. ‘జరుపు పట్టీ’ అనండి.

కోవూరు నుంచి:
‘జరుపు’ అంటే పండగ జరుపుకోవడం కూడా కదా, పిల్లలు తికమక పడరా?

ఒంగోలు నుంచి:
పడరు. బస్సులో కండక్టర్ ‘లోపలికి జరగండి’ అంటే ఎవరికీ పండగ గుర్తు రాదు. పక్కన ‘పట్టీ’ ఉంటే అర్థం దానంతటదే కుదురుకుంటుంది.

భాగాల సంగతి. టీకేలో, అంటే టీకేఇంటర్ వెనకున్న పనిముట్లలో, పట్టీకి పేరు పెట్టిన చోట్లు అయిదు: రెండు చివర్ల బాణాలు, నడుమ పట్టుకుని జరిపేది, దానికి ముందొకటి వెనకొకటి ఖాళీ చోట్లు. జరిపేదాన్ని ‘బిళ్ల’ అందాం. ఖాళీ చోటుకు ఇంగ్లీషు మాట ‘ట్రఫ్’. దాన్ని ‘తొట్టి’ అని తెనిగిస్తే గొడ్లు నీళ్లు తాగేది కళ్లముందుకొస్తుంది. బిళ్ల అందులో నడుస్తుంది కాబట్టి ‘గాడి’ అనడమే సరి.

ఉదయగిరి నుంచి:
గాడి, బిళ్ల బాగున్నాయి. అయితే పేరు కంటే ముందు పిల్లలకు తెలియాల్సింది ముడి. పట్టీకీ జాబితాకీ (వరసలు చూపే ‘లిస్ట్‌బాక్స్’ పెట్టెకు) మధ్య ముడులు రెండు, ఒకటి చాలదు. మెట్టపొలాల్లో కపిల తోలిన, అంటే ఎడ్లతో బావి నీళ్లు తోడిన పెద్దవాళ్లను అడగండి: నీళ్లు తోడే బానకు పెద్ద మోకు ఒకటి, దాని కిందున్న తోలు తొండానికి సన్నతాడు ఒకటి. ఏ ఒక్కటి కట్టకపోయినా నీళ్లు కాలవకు చేరవు.

మొదటి ముడి పట్టీ నుంచి జాబితాకు. పట్టీ ‘కమాండ్’లో (కదిపినప్పుడు ఏ పని చేయాలో చెప్పే చోట) జాబితా ‘వైవ్యూ’ (వరసలను పైకీ కిందికీ కదిపే పని) పెట్టాలి. రెండోది జాబితా నుంచి పట్టీకి. జాబితా ‘వైస్క్రోల్‌కమాండ్’లో పట్టీ ‘సెట్’ (బిళ్లను సరైన చోట నిలిపే పని) పెట్టాలి. మొదటిది మరిస్తే బిళ్ల లాగినా వరసలు కదలవు. రెండోది మరిస్తే వరసలు కదులుతాయి గానీ బిళ్ల చేతివెంట రాదు, సైజూ మారదు. అంటే బిళ్ల ఎక్కడుండాలో చెప్పేది జాబితానే, మన చెయ్యి కాదు. ఈ సంగతి పాఠంలో కచ్చితంగా రాయండి.

‘వైవ్యూ’ తర్వాత కుండలీకరణాలు పెట్టడం అందరూ చేసే తప్పు. పెడితే ఆ పని అక్కడికక్కడే జరిగిపోతుంది, పట్టీకి అందేది పని కాదు, రెండు అంకెలు. పేరు మాత్రమే ఇవ్వాలి.

కావలి నుంచి:
ఆ రెండు అంకెలు ఏంది?

ఉదయగిరి నుంచి:
కనిపించే భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే భిన్నాలు, 0.0 నుంచి 1.0 లోపు. సింగరాయకొండ, కావలి, కోవూరు అంటూ 40 ఊళ్ల జాబితా ఉంది, పెట్టెలో 10 పడతాయి అనుకోండి. మొదట 0.0, 0.25. అందుకే బిళ్ల గాడిలో నాలుగోవంతు ఉంటుంది. పది వరసలు దిగితే 0.25, 0.5. అన్నీ దిగితే 0.75, 1.0. మొదటి అంకె 0.75 దాటదు, 1.0 అవుతుందని ఎదురుచూసి లెక్క రాస్తే తప్పుతుంది.

కోవూరు నుంచి:
అమరికలో కూడా జారిపోయే చోటుంది. ‘ప్యాక్’ చేసేటప్పుడు, అంటే కిటికీలో వస్తువులు పేర్చేటప్పుడు, పట్టీని ముందు కుడివైపుకు పెట్టండి, ‘ఫిల్’ వై (నిలువునా నిండా సాగు అని) ఇవ్వండి, తర్వాతే జాబితా. తిరగేస్తే కిటికీ చిన్నది చేసినప్పుడు ముందు నలిగేది పట్టీయే. ‘ఫిల్’ మరిస్తే పొట్టి పట్టీ నడిమధ్యన నిలబడుతుంది. టెక్స్ట్‌కు (రాత రాసే పెట్టెకు) అడ్డం పట్టీ కావాలంటే ‘ర్యాప్’ నన్ (వరస మడవొద్దని) చేయాలి, లేదంటే వరస మడిచి కిందికి దిగుతుంది, జరపడానికేం మిగలదు. ఇక ‘ఫ్రేమ్’కు (వస్తువులు పెట్టుకునే ఖాళీ పెట్టెకు) ‘వైవ్యూ’ అసలే లేదు. ‘వైవ్యూ’ ఉన్న కాన్వాస్‌లో (బొమ్మలు గీసే పెట్టెలో) దాన్ని కిటికీగా పెట్టి, ‘స్క్రోల్‌రీజియన్’కు మొత్తం కొలత ఇవ్వాలి. లోపల వస్తువులు పెరిగినప్పుడల్లా ఆ కొలత మళ్లీ ఇవ్వాలి.

ఒంగోలు నుంచి:
మాట దగ్గర ఇంకొకటి. ‘కిందికి జరపండి’ అని ఊరికే రాయొద్దు. బిళ్ల కిందికి పోతే వరసలు పైకి పోతాయి. ఫోన్ తెర మీద వేలు పైకి తోస్తే వరసలూ పైకే పోతాయి. ఏది జరగాలో పేరు పెట్టి చెప్పండి: ‘బిళ్లను కిందికి జరపండి, కింది వరసలు కనిపిస్తాయి.’

కావలి నుంచి:
సరేనన్నా. పేరు మొదటిసారి వచ్చిన చోట ‘స్క్రోల్‌బార్, అంటే జరుపు పట్టీ’ అని రాసి, ఆ తర్వాత పట్టీ, గాడి, బిళ్ల అనే వాడతాం. రెండు ముడులకూ బొమ్మ వేస్తాం.