గ్యాస్ బండ కాలితే ద్రవ్యరాశి తగ్గుతుందా, తగ్గదా?

గోదారిగట్టు: మా తమ్ముడికి ఇంటర్ ఫిజిక్స్ చెప్తూ ఇరుక్కుపోయాను. ద్రవ్యరాశి శక్తిగా మారేది అణుబాంబుల్లోనే, మామూలు మంటలో మారదు అన్నాను. "ఐన్‌స్టీన్ సూత్రం E = mc² (శక్తి = ద్రవ్యరాశి × కాంతి వేగం వర్గం)లో బాంబు అని ఎక్కడుంది?" అన్నాడు. ఎవరిది కరెక్టండీ?

పాత మాస్టారు: మీ తమ్ముడిదే. ఇంట్లో గ్యాస్ బండలో 14.2 కిలోల గ్యాసు. అంతా కాలితే సుమారు 65 కోట్ల జౌళ్ల వేడి. కాంతి వేగం వర్గంతో భాగిస్తే 7 మైక్రోగ్రాములు. గ్యాసునూ అది వాడుకున్న ఆక్సిజన్‌నూ ముందు తూచి, వచ్చిన ఆవిరీ పొగా చల్లారాక మళ్లీ తూస్తే అంత తగ్గాలి. సన్న ఉప్పు రేణువే దానికన్నా బరువు! అరవై కిలోలు దాటిన సరుకులో అంత తేడాను ఏ కాటా పట్టలేదు కాబట్టి 'మారదు' అని చెప్పుకుంటున్నాం.

చార్మినార్ చాయ్: సరే సార్, హిరోషిమా సంగతేంది? 64 కిలోల యురేనియంల కిలో కూడా పగల్లే, శక్తి అయింది ముప్పావు గ్రాము లోపే అని చదివిన. అన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లు మాయమైనట్టే గదా?

పాత మాస్టారు: ఒక్కటీ మాయం కాలేదు, లెక్కపెట్టు. యురేనియం 235, అంటే ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి 235. దానికి న్యూట్రాన్ తగిలింది, 236. అది పగిలే దారుల్లో ఒకటి: బేరియం 141, క్రిప్టాన్ 92, న్యూట్రాన్లు 3. మళ్లీ 236. తలలన్నీ ఉన్నాయి, వాటి పొందిక మారింది. ఆ తేడా తాలూకు ద్రవ్యరాశి వేడితో, వెలుతురుతో బయటికి పోయింది. బాంబును పగలని పెట్టెలో పేల్చి, వేడి బయటికి పోకుండా తూస్తే ముల్లు కదలదు. పెట్టె చల్లారే కొద్దీ తగ్గుతుంది. 'మారింది' అనే మాటతోనే తంటా.

రాత్రి డ్యూటీ: నేను ఒప్పుకోను. స్కానింగ్ సెంటర్లో పని నాది. పెట్ (PET) స్కాన్‌లో పాజిట్రాన్, అంటే ఎలక్ట్రాన్ లాంటిదే కానీ ధనావేశం ఉన్న కణం, వెళ్లి ఎలక్ట్రాన్‌ను కలిస్తే రెండూ మిగలవు. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా ఫోటాన్లు (కాంతి కణాలు) రెండు, చెరో దిక్కుకి పోతాయి. మా మిషన్ పట్టేది వాటినే. ఫోటాన్ ద్రవ్యరాశి సున్నా అనేది మీరే. ఇదీ మారడం కాదా?

పాత మాస్టారు: కణాలు పోయాయి, నిజమే. ద్రవ్యరాశి పోలేదు. ఫోటాన్లు విడివిడిగా సున్నాయే. జంటగా చూస్తే శక్తి 1022 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఎదురు దిక్కులు కాబట్టి ద్రవ్యవేగాలు కొట్టుకుపోతాయి. అలాంటి జంటకు ద్రవ్యరాశి ఉంటుంది, మొదటి రెండు కణాలకు ఎంతో అంత.

చార్మినార్ చాయ్: సున్నకు సున్న కలిపితే సున్న కాదా సార్!

పాత మాస్టారు: బియ్యం బస్తాలైతే అంతే. ద్రవ్యరాశి అలా కూడదు. ప్రోటాన్ లోపల ఉండే చిన్న కణాలు, మూడు క్వార్కుల ద్రవ్యరాశీ కలిపినా దాని మొత్తంలో నూటికి ఒక వంతు. మిగతాది వాటి కదలికా, వాటిని పట్టి ఉంచే బలం తాలూకు శక్తీ.

రాత్రి డ్యూటీ: జంటగా చూడటం మీ లెక్క. మా డిటెక్టర్‌కి తగిలేది ఒక్కో ఫోటానే. నేను మారిందనే అంటాను.

గోదారిగట్టు: తమ్ముడికి చదివి వినిపించాను. ద్రవ్యరాశి నిత్యత్వం ప్రశ్న వస్తే 7 మైక్రోగ్రాములు రాయనా అంటున్నాడు.

రాత్రి డ్యూటీ: వద్దనండి, మార్కు పోతుంది. ఇందులో మాత్రం మాస్టారూ నేనూ ఒకటే.